మామా అన్న పిలుపు

మొన్న పంద్రాగస్టుకి ఈ హిందీవాళ్ల ఊళ్లో, తార్‌బహార్‌లో మా పంక్చర్ షాపు ముందు బడిపిల్లలు తలో రాష్ట్రం వేషం కట్టి ఊరేగారు. మైకులో "మనమంతా ఒక్కటే" అంటుంటే, పంచుతున్న బూందీ వాసనకి, పండగలకి అదే చేసి పంచే పాత పక్కింటి చాచీ గుర్తొచ్చి ఒళ్లు మండింది.

అప్పట్లో మాది రైల్వే క్వార్టరు. అమ్మ తన మేనమామనే చేసుకుంది. శ్రీకాకుళం వైపు అది మామూలే. డ్యూటీకి వెళ్లే నాన్నని గుమ్మంలోంచి "మామా, కేరేజీ మర్సిపోనావు!" అని కేకేసేది.

హిందీవాళ్లకి మామా అంటే తల్లి తోడబుట్టినవాడే, మొగుడు కాలేడు. ఆయన మా నాన్నా, అమ్మకి మామా అని చాచీ నన్ను నిలదీసింది. "అచ్ఛా, యే తేరే పాపా హై, యా మమ్మీ కే మామా?"

"దోనో!" రెండూనని చెప్పాను గర్వంగా.

"ఛీ, ఐసా పాప్!" ఇంత పాపమా అంటూ కొడుకుని లోపలికి లాగి తలుపేసింది. వాళ్ల మామ రాయ్‌పూర్‌లో, మా మామ ఇంట్లోనే అని ఆవిడకి కుళ్లనుకున్నాను.

వీధిలో తలుపులన్నీ మూసుకున్నాక అమ్మకి సంగతి తెలిసింది. "మా పెళ్లి ఈళ్లకేటి అడ్డొచ్చిందిరా?" అని ఏడ్చింది. మర్నాటి నుంచి నాన్నని "సునియే జీ" అని, వాళ్ల భాషలో ఏవండీ అన్నట్టు, పిలవడం మొదలెట్టింది.

అందరూ ఒక్కటేనట. ఆ ఒక్కటీ ఎలా ఉండాలో మాత్రం చాచీయే చెబుతుంది.

నాన్న ఆ కొత్త పిలుపుకి ఏనాడూ వెనక్కి చూడలేదు. అమ్మ మరెవరినో పిలుస్తోందనుకుని సైకిలెక్కి వెళ్లిపోయేవాడు.