వెండి గొట్టం, ఇత్తడి గంట

మనవడికి రొంప పట్టిందని కోడలు మరిగే నీళ్ళలో సాంబ్రాణి వాసన మందు నాలుగు చుక్కలు వేసి ఆవిరి పట్టిస్తుంటే, ఆ వాసన నన్ను సూటిగా అరవైల నాటి కార్తీక వానల్లోకి, నెల్లూరు ఆసుపత్రిలోకి లాక్కుపోయింది. వెంట అసూయా వచ్చింది. నాకొచ్చిన ముసలితనం దానికి రాలేదు.

మైపాడు చేపల పులుసులో పెద్ద ముక్క నాకంటే నాకని ఇద్దరం పోట్లాడుకుంటే, ఐదేళ్ళ మా చెల్లెలు సుబ్బులే గెలిచింది. ముల్లు కూడా దానికే దక్కింది. అది గొంతులో గుచ్చుకుని, లోపల చీము పట్టి ఊపిరాడకపోతే, డాక్టరుగారు మెడ దగ్గర చిన్న బెజ్జం చేసి వెండి గొట్టం పెట్టారు. వెండి పట్టీలకు ఏడ్చీ ఏడ్చీ గొంతు పోగొట్టుకున్నదాన్ని నేను, వెండి వచ్చింది దాని గొంతుకు! పైగా మాట రాదు గనుక, పిలవడానికని నర్సమ్మ దాని చేతికి ఇత్తడి గంట ఇచ్చింది. ఒక్కసారి గణమంటే బత్తాయి రసం, గణగణమంటే నాన్న. మంచం పక్కన ఆవిరి కెటిలు, గొట్టం మీద గాలాడే పల్చటి తడి గుడ్డ, తలాపున ఇంకో గొట్టం సిద్ధంగా, ఎప్పుడూ ఎవరో ఒకరు కాపలా. నోరున్న నన్ను పలకరించే దిక్కు లేదు. నోరు మెదపని దాని మాటే వార్డంతా.

ఒక మధ్యాహ్నం, మెడలో మెరిసే వెండి మీద పక్క మంచాల వాళ్ళ కళ్ళు పడుతున్నాయని, మా అవ్వ పట్టుగుడ్డ మడతలు పెట్టి గొట్టం మీద గట్టిగా చుట్టింది. గంట మోగింది. ఈసారి ఆగలేదు. సుబ్బులు పెదాలు నేరేడు పండ్లయ్యాయి. నర్సమ్మ పరుగున వచ్చి గుడ్డ లాగేసి, వెండి గొట్టంలో ఇమిడి ఉండే లోపలి గొట్టం తీసి, అడ్డుపడిన కఫాన్ని రబ్బరు గొట్టంతో పీల్చింది. చెల్లెలి రొమ్ము ఎగసింది.

"ఏందవ్వా ఇది! ఆ బెజ్జమే పాపకి ముక్కు. ముక్కు మూస్తే ఎట్ట బతికేది?"

"దిష్టి తగలద్దని కప్పినా తల్లీ," అంటూ అవ్వ కూలబడింది. వార్డులో అందరికంటే ఎక్కువ దిష్టి పెట్టినదాన్ని నేనేనని నాకు తెలుసు. గంట ఆగితే చాలనుకున్నదాన్ని, ఆ రోజంతా అది మళ్ళీ మోగాలని కాచుకున్నాను.

వాపు తగ్గాక డాక్టరుగారు గొట్టం మూతికి వేలు అడ్డుపెట్టి, "మాట్లాడు పాపా," అన్నారు. అందరం ఊపిరి బిగబట్టాం.

"అక్కకి గంట ఇయ్యబాకండి."

నాన్న నవ్వుతూనే ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, సంతోషమనుకున్నారు. సగం నిజమే.

అవ్వ లేదు, ఆ కెటిలూ లేదు. ఆసుపత్రుల్లో ఆవిరి కూడా ఇప్పుడు కరెంటు డబ్బాలోంచే వస్తుందట. గంట మాత్రం కొడవలూరులో సుబ్బులు పూజగదిలో ఉంది. హారతికి అది గంట ఎత్తగానే అందరూ దేవుడి వైపు చూస్తారు. నా చూపు దాని మెడ మీది చిన్న మచ్చ మీదికి పోతుంది, ఊపిరికి కదులుతోందా అని. కదులుతుంది. అది చూసి నాకూ ఊపిరి అందుతుంది.

గంట మాత్రం ఇంతవరకూ ఒక్కసారైనా నా చేతికియ్యలేదు.