చెయ్యి వెయ్యని వైద్యం

తడ ఊరికి తూర్పున, పులికాట్ సరస్సు ఒడ్డు పల్లెలో నాగులమ్మ నోటికి జడవనివాళ్లు లేరు. మొగుడు కామాక్షయ్య పట్టిన రొయ్యల్ని బుట్టకెత్తుకుని, రైలుస్టేషనున్న ఊరి సంతకు నడిచిపోయి అమ్మేది. ఎవరైనా రొయ్యను వేలితో నొక్కి ముక్కు చిట్లిస్తే, "తెల్లారేదాకా నీళ్లల్లో ఈదులాడిందమ్మా అది. నీకంటే తాజాగా ఉండాది" అనేది. అలాంటి మనిషి, పందొమ్మిదివందల అరవై ఒకటిలో వానలు మొదలయ్యేసరికి కుంటడం మొదలుపెట్టింది.

నొప్పి కుడి మోకాల్లో. మొదట్లో సంతకు పోయొచ్చాక మాత్రమే ఉండేది. రానురాను నిద్రలో పక్కకు ఒత్తిగిలినా కేక పెట్టేది. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది. రవికెలు వదులైపోయాయి. అత్త ముసలమ్మ ఆముదం కాచి మోకాలికి రాసింది, వావిలాకు కట్టింది. గుణం కనిపించలేదు.

"పని ఎగ్గొట్టే నొప్పి మందుకు లొంగదులే" అని ఆమె సణిగింది. నాగులమ్మకు ఒళ్లు మండింది. కామాక్షయ్య మాత్రం, "ఆసుపత్రికి పోదాం పద" అన్నాడు.

ఆ రోజు నాగులమ్మ సున్నిపిండితో ఒళ్లు తోముకుని తలారా స్నానం చేసింది. పెట్టె అడుగున దాచుకున్న చీర తీసి కట్టుకుంది. సంత ఊరి ఆసుపత్రిలో వరుసలో నిలబడీ నిలబడీ పద్మనాభయ్య డాక్టరు ముందుకు వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. ఆయన తలెత్తి చూసి, జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"చేపలమ్మేదానివా? అక్కడే నిలబడు. ఏమిటి బాధ?"

"కుడి మోకాలు సార్. రేత్రిళ్లు..."

"చీర కొంచెం పైకెత్తు." బల్ల అవతలనుంచే చూశాడు. "వాపు లేదు, ఎరుపు లేదు. బుట్టలు మోసేవాళ్లందరికీ ఉండేదే. పూతమందు రాసుకో. తర్వాత ఎవరు?"

గోడవారన రోగుల్ని పడుకోబెట్టి చూసే బల్ల ఒకటి ఉంది. దాని మీద పాత కాగితాల కట్టలు పేర్చి ఉన్నాయి.

పూతమందు అయిపోయింది, నొప్పి పోలేదు. మళ్లీ వెళ్తే సీసా నిండా ఎర్రమందు పోసిచ్చారు. ఆ తర్వాత వెళ్లినప్పుడు నాగులమ్మ, "ఒక్కమాటు చెయ్యేసి చూడండి సార్" అని అడిగింది. డాక్టరు కాంపౌండరు వైపు తిరిగి, "ఈమె జబ్బు కాలిలో లేదు, మనసులో ఉంది" అన్నాడు. వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. నాగులమ్మకు ఏడుపు రాలేదు. చెవులు మాత్రం భగ్గుమన్నాయి.

సంక్రాంతి పోయాక ఆమె అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయింది. కామాక్షయ్య బండి కట్టించుకుని, మద్రాసు దారిలో ఉన్న మిషను ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ డాక్టరమ్మ కరుణాకుమారి ముందుగా, "ఆ గోడదాకా నడువమ్మా" అంది. నడక చూసింది. బల్ల మీద కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడేసి, మోకాలొక్కటే మడిచింది, చాపింది. నొప్పి లేదు. నాగులమ్మకే ఆశ్చర్యమేసింది.

తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, మంచి కాలిని మడిచి పొట్టకు ఆనించింది. కుడి తొడ దానంతటదే బల్ల మీదనుంచి పైకి లేచింది. ఆ కాలిని పట్టుకుని మెల్లగా లోపలికి తిప్పబోయిందో లేదో, నాగులమ్మ "అమ్మా!" అని అరిచింది.

"ఎక్కడమ్మా?"

"మోకాల్లోనే!"

"నేను కదిలించింది తుంటిని. జబ్బు తుంటిలో ఉంది, నొప్పి మోకాల్లో తెలుస్తోంది. రెంటికీ కబురు మోసే నరాలు కొన్ని ఒకటే. మోకాలు నొప్పి అని ఎవరొచ్చినా తుంటి కూడా చూడమని మాకు చదువులో మొదట్లోనే చెప్తారు."

ఎక్స్‌రే తీస్తే తుంటి కీలుకు క్షయ పట్టిందని తేలింది.

"మొదట్లోనే చూసుంటే?" అంది నాగులమ్మ.

డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును పక్కన పెట్టింది. "కీలు దక్కి ఉండేదేమో. ఇప్పుడు ప్రాణం దక్కుతుంది, కాలూ దక్కుతుంది. తుంటి మాత్రం ఇక వంగదు."

నడుం నుంచి పాదం దాకా పిండికట్టు వేశారు. సూదిమందులు పొడిచారు. నెలల తరబడి ఆ మంచం మీద పైకప్పు చూస్తూ పడుకున్న నాగులమ్మ మనసులో భయం కంటే కోపమే ఎక్కువ మసిలింది. ముసలమ్మ దగ్గరుండి గంజి తాగించింది, ఒకరోజు కళ్లొత్తుకుంటూ "నోరుజారినా తల్లీ" అంది. అత్తను నాగులమ్మ క్షమించింది. అత్త చదువుకున్నది కాదు, ఆ పనికి జీతం తీసుకున్నదీ కాదు.

కుడి కాలు పొట్టిదై, కర్ర సాయంతో ఇల్లు చేరాక, మొదటి సంతరోజునే ఆమె పద్మనాభయ్య డాక్టరు ముందు నిలబడింది. జరిగిందంతా చెప్పింది.

"నువ్వు మోకాలన్నావు, నేను మోకాలు చూశాను" అన్నాడాయన.

"నొప్పి యాడుండాదో చెప్పేది నా వంతు. జబ్బు యాడుండాదో ఎతికేది మీ వంతు గాదా? నీసు కంపని నా ఒంటి మీద చెయ్యెయ్యలేదే మీరు. నేనమ్మే రొయ్యలు మీ వంటామె ఆదివారం ఆదివారం కొనుక్కుపోతా ఉండె, అవి కంపు కొట్టలేదా అయ్యా?"

ఈసారి వరుసలో ఎవరూ నవ్వలేదు.

"బయటికి నడు!"

నాగులమ్మ గోడవారకు నడిచింది. బల్ల మీది కాగితాల కట్టల్ని ఒక్కొక్కటే తీసి కింద పెట్టింది. కాంపౌండరు అడ్డుపడబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. వరుసలో ముందున్న పెంచలమ్మ, భుజం ఎత్తలేక చేతిని రొమ్ముకు ఆనించుకుని నిలబడి ఉంది.

"పెంచలక్కా, రా, ఈడ కూచో. ఈయన నీ చెయ్యి పట్టుకుని చూసిందాకా నేను ఈడ్నించి కదల్ను."

గదంతా చూస్తోంది. డాక్టరు మొహం కందిపోయింది. చివరికి లేచి వచ్చాడు. మూతి ముడుచుకునే పెంచలమ్మ చెయ్యి పట్టుకుని, పైకెత్తి, పక్కకు తిప్పి చూశాడు.

తప్పయిందని మాత్రం ఆయన ఆ రోజూ అనలేదు, బదిలీ అయి వెళ్లేనాడూ అనలేదు. గొంతుకూర్చోవడం చేతగాని నాగులమ్మ సంతలో నిలబడే రొయ్యలమ్మింది. "ఇంకా ఎన్నాళ్లే ఆ కోపం?" అని కామాక్షయ్య ఒకసారి అడిగాడు.

"నా తుంటిని పోగొట్టినోడు నా పేరు కూడా అడగలేదయ్యా" అంది నాగులమ్మ.