కొబ్బరి దుంగల మీద కారు

అంబాసిడర్ వెనక తలుపు పడలేదు. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే. మా అమ్మాయి రోజూలాగే స్టూలు వేసుకుని ఖాళీ కారులోకి ఎక్కి తలుపు లాక్కుంది. రోజూ టక్కున పడే తలుపు ఆ సాయంత్రం గీరుకుంటూ వచ్చి, పై అంచున నా చిటికెన వేలు పట్టేంత సందు వదిలి ఆగిపోయింది. మళ్లీ లాగింది. మళ్లీ అంతే. చిన్నవాడికి తినిపిస్తున్న ఇడ్లీ ముక్క నా చేతిలోనే ఉండిపోయింది.

"రబ్బరు బిగిసిపోనాదమ్మా, ఏటి నేదు," అన్నారు బావగారు కుర్చీలోంచి లేవకుండా.

ఆ తలుపుకి రబ్బరే లేదు. రబ్బర్లు, అద్దాలు, సీట్లు, ఇంజను ఎప్పుడో విప్పి గోడవారగా పెట్టారు. మిగిలింది వట్టి రేకు డొల్ల. ఎదురుగా ఉన్నదాన్ని చూడకుండా దాని గురించి తీర్పు చెప్పగలగడం మా బావగారికి పుట్టుకతో వచ్చిన విద్య.

బావగారంటే మా ఆయనకు అన్నగారు. అత్తవారిది వజ్రపుకొత్తూరు వైపు సముద్రం మీద బతికిన కుటుంబం. మా ఆయన వేటకు వెళ్లకుండా విశాఖపట్నంలో కార్ల రేకుపని నేర్చుకుని, కాశీబుగ్గ చివర ఈ షెడ్డు వేసుకున్నారు. పాత కార్ల తుప్పు కోసేసి, కొత్త రేకు అతికి, మళ్లీ నిలబెట్టి ఇవ్వడం ఆయన పని. బావగారు పడవ అమ్మేశాక ఇక్కడ సలహాదారుగా చేరారు. ఎవరూ పిలవలేదు. ఉదయం వచ్చి కుర్చీ వేయించుకుంటారు, టీ తాగుతారు, సాయంత్రం అలసిపోయి వెళతారు.

ఈ అంబాసిడర్ విశాఖపట్నంలో ఉండే ఒకాయనది. తాతగారి కారట. తాతగారు పోయాక మందస దగ్గర తోటలో కొబ్బరి మట్టల కింద దాన్ని వదిలేశారు. కోళ్లు అందులో గుడ్లు పెట్టాయి. ఈ మధ్య పాత కార్లకు ఫోన్లో లైకులు వస్తున్నాయని తెలిసి, ఆయనకు తాతగారి మీద ప్రేమ పొంగింది. వారానికోసారి వీడియో కాల్ చేసి, "అక్కడ సముద్రం కనిపిస్తుందా, ఒకసారి చూపించండి" అంటాడు. షెడ్డు పక్కన కనిపించేది జీడిపిక్కల ఫ్యాక్టరీ పొగగొట్టం.

ఇలాంటి కారుకు కింద వేరే చట్రం ఉండదు. నేల రేకు, తలుపుల కింది పట్టీలు, పైకప్పు కలిసి ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. తుప్పు పట్టిన పట్టీ కోసేస్తే డొల్ల నడుము వాలిపోతుంది. అందుకని కోయకముందే ఇనుప గొట్టాలతో ఒక గట్టి మంచం లాంటిది కట్టి, డొల్లను దాని మీద బోల్టులతో బిగిస్తారు. దీన్నే జిగ్గు అంటారు. మా ఆయన దాన్ని నడుమెత్తు కాళ్ల మీద కట్టారు, కిందికి దూరి పని చేసుకోవడానికి. తలుపులు మాత్రం విప్పరు. తలుపు సరిగ్గా పడుతున్నంత వరకు డొల్ల కదలనట్టు. పడలేదంటే ఏదో కదిలినట్టు. ఇది నాకు చెప్పింది మా ఆయనే. నేను టెక్కలిలో ఫిజిక్సు డిగ్రీ చదివినదాన్ని కనుక, ఒకసారి చెబితే గుర్తుంటుంది.

షెడ్డులో నేల ఇసక. జిగ్గు కాళ్ల కింద కాంక్రీటు వేస్తానని మా ఆయన అన్నారు. బావగారు నవ్వారు.

"కాంక్రీటేటిరా? మన తాతలు పడవల్ని కాంక్రీటు మీద ఎట్టినారా? తుపానుకి పడిపోయిన కొబ్బరి సెట్లు అలాగే ఉన్నాయి. దుంగలు పరిసీ, దాని మీదెట్టు. సముద్రమే కదపనేదు, ఈ డొక్కు కారు కదుపుద్దా?"

అన్నగారు చెప్పారు, తమ్ముడు పరిచాడు. కోసిన చివర్లకు తారు పూసి నాలుగు దుంగలు వేశాడు. ఆ వానాకాలమంతా అవి తడి ఇసకలో ఉన్నాయి. మా ప్రాంతంలో పడవలు దుంగల మీదే ఉంటాయి, నిజమే. కానీ పడవ తన పొట్టనంతా దుంగ మీద పరిచి పడుకుంటుంది. జిగ్గు నాలుగు కాళ్ల మీద నిలబడుతుంది. మొత్తం బరువు నాలుగు అరచేతులంత చోట్ల దిగుతుంది. పైగా కొబ్బరి మానుకు గట్టిదనమంతా పైనే, లోపలంతా మెత్తన. ఉద్దానంలో పుట్టిన ఏ పిల్లాడికైనా తెలుసు. బావగారికి మాత్రం తెలియదు, ఎందుకంటే ఆయనకు అన్నీ తెలుసు.

తలుపు పడని ఆ సాయంత్రమే మా ఆయనకు చెప్పాను. ఆయన డొల్లకు మూల నుంచి ఎదురు మూలకు దారం పట్టి చూశారు. ఒకవైపు పొడవు, ఒకవైపు పొట్టి. వెనక ఎడమ కాలు దిగింది. మొహం చూస్తే తెలిసింది, ఆయనకు ముందే అనుమానం ఉందని.

"మార్చండి మరి," అన్నాను.

"రేపు పూజ కదా. అన్నయ్య నొచ్చుకుంటాడు. పూజ అయిపోనాక మెల్లగా సూద్దాం."

అన్నయ్య నొప్పికి ఈ ఇంట్లో ఉన్నంత విలువ ఇనుముకు లేదు. పూజంటే, తుప్పు కోత మొదలుపెట్టే ముందు కొబ్బరికాయ కొట్టడం. అంతవరకు బాగానే ఉంది. కానీ వాళ్ల వైపు కొత్త పడవను నీళ్లలోకి దించే ముందు ఇంటి పిల్లల్ని అందులో కూర్చోబెట్టి హారతి ఇచ్చే ఆచారం ఉంది. దాన్ని బావగారు కారుకు కూడా తగిలించారు. అంబాసిడర్‌ను ఏ సముద్రంలో దించుతారో నేను అడగలేదు. కారు యజమాని అది విని మురిసిపోయి, వీడియో తీసి పంపమన్నాడు. పిల్లలకు కొత్త బట్టలు వద్దు, మామూలువే వేయండి, సహజంగా ఉంటుంది అన్నాడు.

మర్నాడు సాయంత్రం జిగ్గుకు పసుపు పూశారు, నిమ్మకాయలు కట్టారు. దిగిన ఎడమ కాలికి అన్నిటికంటే పెద్ద నిమ్మకాయ. నేను పిల్లలిద్దరి చేతులూ పట్టుకుని షెడ్డు బయట రోడ్డు పక్కన నిలబడ్డాను.

"పిల్లల్ని తెత్తన్నావా అమ్మా?" బావగారి కేక.

"తీసుకురాను బావగారూ. కాలు దిగిపోయింది. తలుపు పడటం లేదు."

"ఓలమ్మ, ఆ తలుపు పట్టుకుని ఏలాడతన్నావేటి ఇంకా? సముద్రంలో తిరిగినోళ్లం, మాకు సెప్తావా?"

"సముద్రంలో మీరు తిరిగారు. ఇందులో కూర్చునేది నా పిల్లలు."

"సూడరా నీ పెళ్లాన్ని! సదువుకున్నోళ్లకి సుట్టూ బయమే. బస్సెక్కితే బయం, నీల్లు తాగితే బయం."

ఇంటింటా కిడ్నీ జబ్బులున్న ఉద్దానంలో నీళ్లు తాగడానికి భయపడకపోతే దేనికి భయపడాలో ఆయన చెప్పలేదు. మా ఆయన నా వైపు చూశారు, అన్న వైపు చూశారు, చివరకు హారతి పళ్లెం వైపు చూశారు. అదొక్కటే ఆయన్ని ఏమీ అడగలేదు. చిన్నవాడు చెయ్యి విదిలించుకుంటున్నాడు, కారెక్కుతానని ఏడుపు. నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. వాడి మణికట్టు ఎర్రబడింది. వదల్లేదు.

"బావగారూ, ఎవరూ ఎక్కొద్దు. కాయ బయటే కొట్టండి," అన్నాను.

ఆ మాటే ఆయనకు తగిలింది. "అలాగేటి? అయితే సూడు," అని పంచె ఎగ్గట్టి స్టూలు వేయించుకున్నారు. మా ఆయన అప్పటికి నోరు తెరిచారు. "అన్నయ్యా, వొద్దులే," అన్నారు, ఎవరికీ వినపడకూడదన్నంత మెల్లగా. బావగారు హారతి పళ్లెం అందుకుని, వెనక ఎడమ తలుపు తీసి, తన బరువునంతా ఆ మూలకే మోపి ఎక్కి, తలుపు లాక్కున్నారు.

పెద్ద చప్పుడేమీ రాలేదు. తడిసిన చెరుకు నమిలినట్టు ఒక శబ్దం. ఎడమ కాలు దుంగలోకి దిగిపోయింది, జిగ్గు పక్కకు ఒరిగింది, బోల్టులు తెగి డొల్ల జారి వెనక భాగం నేలకు కొట్టుకుని గోడకు ఆనింది. రోజూ సాయంత్రం మా పిల్లలు దాని కింద దుప్పటి పరుచుకుని ఇల్లు ఆట ఆడతారు. దుప్పటి అక్కడే ఉంది. వెనక రేకు దాని మీద పడింది.

బావగారు లోపల హారతి పళ్లెంతో సహా ఒక మూలకు చేరారు. మోకాలు గీరుకుంది, అంతే. నడుం వంగిన డొల్ల తలుపును కరిచి పట్టుకుంది. "తియ్యండ్రా, తియ్యండ్రా తలుపు!" అని లోపల్నుంచి అరుపులు.

"రబ్బరు బిగిసిందేమో చూడండి," అన్నాను. అది అనకుండా ఉండాల్సిందని ఎవరైనా అంటే అననివ్వండి.

చివరకు అద్దం లేని కిటికీలోంచి చేపల సంచిలా బయటికి లాగారు. పగిలిన దుంగ చూస్తే పైన తారు, లోపల నల్లటి పొడి. వేలు పెడితే దిగబడింది. అయినా నలుగురూ పోగై తేల్చింది వేరు. దిష్టి అన్నారు. పిల్లల్ని కూర్చోబెట్టకపోవడం అపచారం అన్నారు. బావగారు మోకాలికి పసుపు అద్దుకుంటూ, "నోటి మాటమ్మా, నోటి మాట. నీ నోరు మంచిది కాదు," అన్నారు. దుంగను ఎవరూ ఏమీ అనలేదు. అది మగవాళ్లు ఎంచిన దుంగ.

మా ఆయన ఆ దుప్పటిని రేకు కిందనుంచి లాగడానికి చూశారు. రాలేదు. కాసేపు అలాగే దాన్ని పట్టుకుని కూర్చున్నారు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "కాంక్రీటు వేసేత్తాను," అన్నారు. అప్పుడు నాకు ఆయన మీద జాలి వేయాలి. వేయలేదు. ఇది రాస్తున్న ఈ రాత్రికి కూడా వేయడం లేదు. పిల్లలు పక్క గదిలో నిద్రపోతున్నారు, లేచి రెండుసార్లు చూసొచ్చాను.

కారు పడిన మర్నాడు పొద్దున జడ వేయించుకుంటూ అమ్మాయి అడిగింది, పెదనాన్న అన్నట్టు నీ నోటి మాట వల్లే కారు పడిపోయిందా అని. చిన్నవాడు పాలగ్లాసు దించి నా నోటి వైపు చూశాడు.

"నా నోటికి అంత బలం ఉంటే ఆ దుంగ వేసిన రోజే చెప్పి ఆపేదాన్ని," అన్నాను. "దుంగ లోపల పుచ్చిపోయింది, అందుకని పడింది. మీరిద్దరూ వినండి. ఎవరైనా దేంట్లోనైనా ఎక్కమంటే ముందు తలుపు వేసి చూడండి. సరిగ్గా పడకపోతే ఎక్కొద్దు. పెదనాన్న చెప్పినా ఎక్కొద్దు."

"నాన్న చెబితే?"

"నాన్న చెప్పినా."

"నువ్వు చెబితే?" అన్నాడు చిన్నవాడు.

"నేను చెప్పినా. ముందు తలుపు వేసి చూడు."