మాట్లాడని చెంబు

తొమ్మిదో తారీఖు, ఆదివారం. పొద్దున్నే మా సంగీతం మాస్టారి నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆయన ఎవరికీ ఫోన్ చేసే మనిషి కారు, ఆశ్చర్యపోతూనే ఎత్తాను. మాట్లాడింది ఆయన భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ. "పాటానికి రాకమ్మా ఇయాల. మీ మాస్టారు ఎల్లిపోనారు" అన్నారు.

ఆయనను పొగిడే అర్హత నాకుందో లేదో ఇది చదివాక మీరే చెప్పాలి.

అరసవల్లిలో, గుడికి వెళ్ళే ఆటోలు ఆగకుండా హారన్లు కొట్టే వీధిలో ఆయన ఇల్లు. తాతల నాటి నుంచీ గుడిలో సన్నాయి వాయించిన కుటుంబం. ఊపిరి తగ్గాక ఆయన సన్నాయి పక్కన పెట్టి పిల్లలకు పాట నేర్పారు. శ్రుతి తప్పితే తిట్టేవారు కాదు. "ఒసే, ఆ ఆటో కూడా నీకంటే సుద్దంగా పాడతన్నాది" అనేవారు.

ఫీజు ఇంతని ఎప్పుడూ చెప్పలేదు. లోపలి గదిలో తెర వెనక ఒక ఇత్తడి చెంబు ఉండేది, మూతికి ఎర్రగుడ్డ కట్టి. నెలాఖరు ఆదివారం ఒక్కొక్కరం లోపలికి వెళ్ళి తోచింది వేసి వచ్చేవాళ్ళం. ఆ కాసేపూ ఆయన పెరట్లో మందారాలకు నీళ్ళు పోస్తూ ఉండేవారు, ఎవరు వెళ్ళారో ఎవరు వెళ్ళలేదో కంటపడకుండా. తరువాత మొత్తం లెక్కపెట్టి ఆ ఒక్క అంకె గోడ కేలండరు మీద వేసేవారు. ఏడాదికోసారి ఆ కేలండరు చుట్ట చుట్టుకుని పన్ను కాగితాలు రాసే ఆయన దగ్గరికి వెళ్ళేవారు. ఇదంతా చూపించడం దేనికని ఒకసారి అడిగాను.

"ఎవులిచ్చారో నాకొద్దు. ఎంతొచ్చిందో దాసను. అంతేనే" అన్నారు.

రెండేళ్ళ క్రితం, ఇంజనీరింగు రెండో ఏడాదిలోకి వచ్చిన హుషారులో, ఆ ఇంటి ముందు గదిలో క్యూఆర్ కోడ్ అంటించాను. డబ్బు పడగానే పైకి చెప్పే పెట్టె కూడా పెట్టాను. మాస్టారు కాదనలేదు. ఆ నెలాఖరున ఆయన ఎప్పటిలాగే పెరట్లోకి వెళ్ళారు. పెట్టె ఐదు వందలంది, మూడు వందలంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. తరువాత మాతో నేర్చుకునే గౌరి, తను తెచ్చుకున్న వాళ్ళమ్మ ఫోన్ తీసింది. "ఇరవై రూపాయలు అందాయి" అంది పెట్టె, అదే గొంతుతో, అంతే గట్టిగా.

మొదట నవ్వింది నేనే.

గౌరికి పధ్నాలుగేళ్ళు. కోటబొమ్మాళి నుంచి వచ్చేది. రైలుకీ ఆటోకీ పోగా మిగిలినది ఆ ఇరవై అని నాకు అప్పుడు తట్టలేదు. మాస్టారు తడి చేతులతో లోపలికి వచ్చేసరికి ఆమె వెళ్ళిపోయింది. పెట్టె ఇంకెవరివో ఐదు వందలు అరిచింది. "ఓలమ్మో, ఇది వీదంతా సెప్పేస్తాదేటే!" అంటూ ఆయన వైరు పీకేశారు.

మరుసటి ఆదివారం గౌరి రాలేదు. "ఏదే అది?" అని అడిగితే "పరీక్షలేమో మాస్టారూ" అన్నాను. ఆ అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో! కిటికీ పక్కన ఆమె కూర్చునే చోట ఆయన మరెవరినీ కూర్చోనివ్వలేదు. "దాని గొంతుకి గాలాడాల" అనేవారు, రేపో మాపో వచ్చే మనిషి గురించి అన్నట్టు.

ఈ ఏడాది నా ఆఖరి ప్రాజెక్టు ఒక చెల్లింపు పద్ధతి. ఫోన్‌లో అంకెలుగా ఉండే నోటు మీద బ్యాంకు ముద్ర వేస్తుంది గానీ దాని నంబరు చూడదు. అందువల్ల ఇచ్చినవాళ్ళెవరో తరువాత ఎవరూ కనిపెట్టలేరు. పుచ్చుకున్నవాళ్ళు మాత్రం బ్యాంకులో వేస్తేనే అది చెల్లుతుంది. వాళ్ళ రాబడి పన్నుకు దాగదు. దీనికి 'గోప్యత' అనే మాట దొరికిన రోజు నోటుపుస్తకం నిండా అదే రాసుకున్నాను. ఆలోచన ఎలా వచ్చిందని కాలేజీలో సార్లు అడిగారు. "చాలా చదివాను సార్" అన్నాను. చదివిన మాట నిజమే. చదివింది అర్థమైంది మాత్రం చెంబు వల్ల. ఆ సంగతి చెప్పలేదు.

రిపోర్టు మాస్టారికి చదివి వినిపించాను. మంచం మీద పడుకునే విన్నారు.

"గోప్యతా? మన సెంబుకి ఇంత పెద్ద పేరుందేటే!" అని నవ్వి, దగ్గి, అడిగారు. "మరి నీ దాన్లో, గౌరి ఎంతేసిందో ఎవులికీ తెలీదు గదా?"

అంటే, రెండేళ్ళుగా ఆయనకు తెలుసు. అంత గట్టి గొంతు పెరట్లోకి వినబడకుండా ఎలా ఉంటుంది? నా నవ్వూ వినబడే ఉంటుంది.

"తెలీదు మాస్టారూ."

"అయితే నాకు సెప్తావేటే? ఎల్లి దానికి సెప్పు."

పరీక్షలయ్యాక వెళ్తానన్నాను. మళ్ళీ పరీక్షలే.

ఆయన పోయి వారమైంది. ఇవాళ అమ్మగారి దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఆవిడ తనకు వచ్చినంత తాను నేర్పుతానని, ఆదివారం పాఠం ఆపనని మాత్రం అన్నారు. లేచి చాప దులిపి కిటికీ పక్కన పరిచారు. చెంబు తెర వెనక అలాగే ఉంది. పెరట్లో మందారాలు వాడి తలలు వేలాడేశాయి. వారం రోజులుగా వాటి సంగతి ఎవరికీ గుర్తు లేదు.

రేపు పొద్దున్నే వచ్చి వాటికి నీళ్ళు పోస్తాను. ఆ తడి చేతులతోనే ఆమదాలవలసలో కోటబొమ్మాళి రైలెక్కుతాను. మొదట నవ్వింది ఎవరో గౌరికి చెప్పాలి.