గడ్డికొట్టంలో దాచిన స్కూటర్

పిల్లనిచ్చిన మామగారి కొట్టానికి నిప్పు పెట్టిన అల్లుణ్ణి నేను. నవ్వుకోండి, ఇన్నేళ్లకు నాకూ నవ్వే వస్తోంది.

అప్పుడు మెట్‌పల్లిలో గుమాస్తాను. కొత్త పెళ్లాం సుగుణ, పెళ్లాం కంటే కొత్తదైన స్కూటర్. పేరు రాయించుకుని నాలుగేళ్లు ఎదురుచూస్తే వచ్చిన బండి. ఏ తల్లీ పసిబిడ్డను అంత ముద్దుగా తుడిచి ఉండదు.

ఒకరోజు కంపెనీ నుంచి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. మీ బండిని రీకాల్ చేస్తున్నాం, వెంటనే డీలరుకు అప్పగించండి అని మొదటి వాక్యం. రీకాల్ అంటే వెనక్కి పిలవడం, అంటే గుంజుకోవడం! కళ్లల్లో నీళ్లు తిరిగి మిగతాది చదవలేకపోయాను. బి.ఏ. పాసైనవాణ్ణి కదా, అర్థమైంది చాలనుకున్నాను.

మరునాడే సుగుణను ఎక్కించుకుని అత్తగారి ఊరికి పోయాను. ఎండకు రంగు పోతుందని మామగారికి అబద్ధం చెప్పి, బండిని కొట్టంలో పెట్టి పైన ఎండుగడ్డి కప్పాను.

అన్నం తింటుంటే సుగుణకు పొగవాసన వచ్చింది. మేం లేచేలోపే మామగారు కొట్టంలోకి ఉరికి, బండిని బయటికి లాగి, తడి గోనెసంచితో మంట ఆర్పారు. ఆయన అరచెయ్యి బొబ్బలెక్కింది. సుగుణ ఏడుస్తూ వెన్న రాస్తుంటే నిజం కక్కేశాను.

"కంపెనీవాళ్లు గుంజుకపోతరని దాచిన మామా."

మంట మొదలైన బండి వైర్లను ఆయన చూపించారు. తర్వాత మెల్లగా అన్నారు.

"బండి పోతే ఇంకోటి అస్తది అల్లుడా. నువ్వు దాని మీద ఉన్నప్పుడు అంటుకుంటే నా బిడ్డ ఏంగావాలె?"

జేబులోని ఉత్తరం తీసి ఆయన ముందు పెట్టాను.

మర్నాడు ఇద్దరం ఆ బండిని ట్రాక్టరులో వేసుకుని కరీంనగర్‌లోని డీలరు దగ్గరికి పోయాం. మెకానిక్ ఉత్తరం మొత్తం చదివి నన్ను జాలిగా చూశాడు.

"గీ స్విచ్ ఖరాబున్నది సార్. తాళం తీసినా కరెంటు ఆగదు, వైర్లు కాలి అంటుకుంటది. మార్చి ఇస్తమని పిలిచిన్రు, గుంజుకునేటందుకు కాదు."

స్విచ్చు, కాలిన వైర్లు మార్చి బండిని మళ్లీ నాకే ఇచ్చాడు. మామగారు కట్టు కట్టిన చేతిని నా భుజం మీద వేసి, నవ్వకుండా మెకానిక్‌ను అడిగారు.

"మా అల్లునికి గూడ లోపల స్విచ్ ఖరాబున్నట్టుంది. జర చూస్తవా?"

ఆ చేతిమీదే ఒట్టు పెట్టుకున్నాను: ఇక ఈ జన్మలో ఏ ఉత్తరాన్నీ ఆఖరి వాక్యం దాకా చదవకుండా ఏడవను.