కాశమ్మత్త, ఆమె తోపు, ఒక మినీ ట్రాక్టర్

నిన్న పొద్దున్నే గిద్దలూరు నుంచి ఫోన్ వస్తే, ట్రాక్టర్ డెలివరీ వచ్చేసిందనుకుని ఎగిరి లేచాను.

"అత్త పోయింది" అన్నారు.

ఏ అత్త అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను.

ముందురోజు సాయంత్రమే ట్రాక్టర్‌కి బంతిపూల దండ వేయాలా, చామంతి వేయాలా అని నాతో వాదించిన మనిషి తెల్లారేసరికి నిద్రలోనే పోయిందంటే ఎట్లా నమ్మను?

కాశమ్మ మా మేనత్త. నల్లమల అంచున మా తాత ఆమెకిచ్చిన తోపంటే ప్రాణం. చింత, వేప, కానుగ, కొంచెం టేకు.

పోయిన వేసవిలో ఎండుకొమ్మలు పోగేసి తగలబెడుతుంటే, గాలికి మంట తిరిగి రెండు చింతచెట్లు కాలిపోయాయి. అత్త భర్త చెన్నయ్య మామ హడలిపోయాడు.

"ఇంక మనవల్ల గాదు. అన్నీ కొట్టిచ్చి జామాయిల్ పెడదాం" అని తేల్చేశాడు. మామను తప్పుపట్టలేను. ఆ మంట నేనూ చూశాను.

అత్త ఒక్క వేసవి గడువు అడిగింది. నిప్పు పెట్టకుండా తోపు శుభ్రంగా ఉంచితే చెట్లు ఉంటాయి. లేకపోతే రంపమే.

అక్కణ్నుంచి చూడాలి ఆమె హుషారు!

కొమ్మల్ని పొట్టు చేసే చిప్పర్ మిషన్‌ని యూట్యూబ్‌లో చూసింది. ఆ పొట్టు చెట్ల మొదళ్లలో పరిస్తే తేమ నిలుస్తుందట. ఇక రోజంతా నాకు వాయిస్ మెసేజ్‌లే. "అమ్మాయ్, పీటీఓ అంటే ఏందే?" అని. ట్రాక్టర్ వెనక మిషన్లను తిప్పే షాఫ్ట్ అని నేనూ గూగుల్ చేసి చెప్పాను.

మొదట ఒక పెద్ద ఎర్ర ట్రాక్టర్ మీద మనసు పడింది. అది మన చెట్ల మధ్య దూరదు అత్తా అంటే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత తనే మినీ ట్రాక్టర్ దగ్గరికి దిగొచ్చింది. కానీ చిన్నదానికి చిప్పర్‌ని తిప్పే బలం ఉంటుందా? అదే మా ఇద్దరి టెన్షన్.

మార్కాపురంలో డెమో రోజు నేను బస్టాండ్‌కి వెళ్తే, అత్త నెత్తి మీద కట్టెల మోపుతో బస్సు దిగింది! చింత, తుమ్మ కొమ్మలు. దారంతా కండక్టర్‌తో గొడవేనట.

"మిరపకాయలు పట్టించేదానికి పోతే మన కాయలు మనం తీసుకపోమా? ఇదీ అంతే" అంది.

డీలర్ పచ్చి సుబాబుల్ కొమ్మలు వేసి చూపించాడు. చకచకా పొట్టు అయిపోయింది. అందరం తలలూపాం. అత్త మాత్రం తన చింతకొమ్మ ఇచ్చింది. మిషన్ ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది.

"ఇది మాకొద్దు నాయనా. ఇంకోటి పెట్టు."

రెండోది తగిలించారు. కొమ్మ లోపలికి పోగానే ట్రాక్టర్ గొంతు తగ్గింది. అయిపోయింది, ఇది కూడా ఆగిపోతుంది అనుకున్నా.

ఆగలేదు! పొట్టు ఎగజిమ్ముకుంటూ బయటికొచ్చింది!

అత్త ఈల వేసింది. మా అత్త! షోరూమ్ ముందు! రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. నేనైతే గంతులేశాను. అక్కడికక్కడే బుక్ చేసేసి, గుప్పెడు పొట్టు కొంగున కట్టుకుని, మామకు చూపించాలని తర్వాతి బస్సుకే వెళ్లిపోయింది.

నిన్న సాయంత్రం అన్నీ అయ్యాక ఇంటి ముందు కూర్చున్నాం. మామ తమ్ముడు మెల్లగా కదిపాడు. "వదినే లేకపాయె. ఆ బుకింగ్ క్యాన్సిల్ జేసి, తోపు కొట్టేవాళ్లకు ఇచ్చేద్దామన్నా."

మామ తలెత్తాడు.

"రానీ బండిని. ఒక్క చెట్టు గూడా కొట్టేది లేదు. తోలేది నేను నేర్చుకుంటా."

మామకు సైకిల్ తొక్కడం కూడా రాదు.

అత్తా, నీ తోపుకు ఏమీ కాదు. ఇక ఏ దిగులూ లేకుండా పడుకో. ఎక్కడున్నా చల్లగా ఉండు.