బావ చేతి తొలి గుప్పెడు

ఏళ్ళ తరబడి ఒక గుప్పెడు వేరుశనగ విత్తనాలు మోస్తున్నాను. గుప్పెడేగా, బరువేముంటుంది అంటారు. మోసి చూడండి.

నేను వ్యవసాయం చదివినవాణ్ణి. మొక్కలో కనిపించే గుణంలో విత్తనం వాటా కొంత, పెరిగిన చోటు వాటా కొంత అని పరీక్షలో రాసి, మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆ తర్వాత ఆర్.కె.పేట దగ్గర మా చేలో గుత్తులుగా కాసిన చెట్లను ఏటా ఏరి, విత్తనం కట్టి, "నా రకం" అని చాటుకున్నాను. అవన్నీ బర్రెల కొట్టం నీళ్ళు పారే మూలలోవే. ఆ సంగతి అప్పట్లో అంత ముఖ్యమనిపించలేదు.

తిరుత్తణి అవతల, గుట్ట కింద బావ చేను. అక్క మొగుడు. నా మాట నమ్మి ఆ విత్తనం తీసుకెళ్ళి, తొలి గుప్పెడు తన చేత్తోనే వేశాడు. పంట పీకిన రోజు చూస్తే కాయలకంటే వేళ్ళే ఎక్కువ. బంధువులంతా చేలోనే ఉన్నారు.

"ఏం బామ్మర్దీ, మీ ఇత్తనం మా చేన్లో అలిగినట్టుండాదే?" అన్నాడు బావ.

"ఇత్తనం మంచిదే బావా. తొలి గుప్పెడు ఎవురి చెయ్యో చూసుకో" అన్నాను.

నవ్వుతారనుకున్నాను. నవ్వారు కూడా. కానీ మావాళ్ళకు కైరాసి, అదే, హస్తవాసి, నవ్వులాట కాదు. మరుసటి ఏడు ఆడి మాసంలో, విత్తే అదనుకు, విత్తనాల గంప అక్క చేతికి వెళ్ళింది. బావ గట్టు మీదికి వెళ్ళాడు. ఇప్పటికీ సొంత చేలో విత్తే రోజు ఆయన చోటు ఆ గట్టే. "నా కైరాసి తినేదానికేలే" అంటాడు. అందరూ నవ్వుతారు. ఆయన నవ్వు కాస్త ఆలస్యంగా వస్తుంది. అది నాకొక్కడికే కనిపిస్తుందా?

అసలు తప్పు ఆ మాట కాదు. బావ పండించిన బక్క కాయలు కొన్ని జేబులో వేసుకొచ్చి, చాటుగా మా కొట్టం మూలలో నాటాను. విరగకాశాయి! అంటే తప్పు ఆయన చేతిది కాదు. గుట్టనేలకు బర్రెల కొట్టం లేదు, అంతే. సంతోషంతో గంతేశాను. వెంటనే నోరు మూసుకున్నాను. చెబితే, మా బర్రెల ప్రతిభను నా పేర చెప్పుకున్నానని ఒప్పుకోవాలి కదా. ఆ పేరు కోసం ఒక మనిషిని ఇన్నేళ్ళు గట్టు మీద నిలబెట్టానా? నిలబెట్టాను.

బావకు తమిళమే చదవడం వచ్చు. అందుకే దీన్ని ధైర్యంగా తెలుగులో రాయడం మొదలుపెట్టాను. కానీ అక్కకు తెలుగు చదవడం వచ్చు. ఈ ఆడిలో గంప ఎత్తకముందే, అందరూ వినేట్టు చదవమని ఆమె చేతికే ఇస్తాను. బావ క్షమిస్తాడో లేదో తెలీదు. రాస్తుంటేనే ఒళ్ళు తేలికైంది, నాకది చాలు. కొట్టినా కొట్టొచ్చు. ఆ చేతి రాసి ఎట్లాంటిదో ముందు నా వీపు చెబుతుంది.